అకామా: కాగితం ఎవరిది, పెత్తనం ఎవరిది?

మొన్న సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు మా చిన్నాయన కొడుకు ఫోను తెచ్చి నా చేతిలో పెట్టాడు. "అన్నా, ఇది వీసానేనా చూడు. మిగతా పైసలు ఎల్లుండికల్లా కట్టమంటున్నడు" అన్నాడు. మాది నడిగూడెం. ఒకప్పుడు మునగాల పరగణా జమీందారు కోట ఉన్న ఊరు. ఆ ఊరి మాదిగగూడెంలో, మా ఇంట్లో, యూనివర్సిటీ దాకా పోయినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. అందుకని బ్యాంకు నోటీసైనా కోర్టు సమన్లయినా ఆస్పత్రి రిపోర్టయినా నా కోసం ఎదురుచూస్తుంటాయి. ఇప్పుడు దుబాయి కాగితం కూడా వచ్చి చేరింది.

పక్క మంచం మీద చిన్నాయన కూర్చుని ఉన్నాడు. ఆయన 2009లో సౌదీ పోయి 2013లో ఉత్త చేతులతో తిరిగొచ్చిన మనిషి. ఆయన ఫోను వైపు ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. ఆయన కాలంలో వీసా అంటే పాస్‌పోర్టులో అంటించిన స్టిక్కరు. చదువు రాకపోయినా దాన్ని చేత్తో తడిమి గుర్తుపట్టేవాళ్లు. 2023 నుంచి సౌదీ కూడా మన దేశం నుంచి పోయేవాళ్లకు స్టిక్కరు మానేసి, గళ్లగళ్ల కోడు ముద్రించిన కాగితం ఇస్తోంది. ఫోనులోకి వచ్చే ఏ కాగితమైనా ఇప్పుడు చదువులేనివాడి కంటికి ఒక్క తీరుగానే ఉంటుంది.

గల్ఫు పోయినవాళ్ల కష్టాల మీద మన పత్రికల్లో రాతలు లేకపోలేదు. అప్పులు, ఎడారి, పెట్టెలో వచ్చిన శవం, అన్నీ రాశాం. కానీ ఆ మనిషిని అక్కడ కట్టిపడేసే కాగితాల గురించి మనం రాసింది తక్కువ. దొర గురించి వెయ్యి పేజీలు రాసి, దొర దగ్గరున్న బాకీ పుస్తకాన్ని తెరిచి చూడకపోతే ఎట్లా ఉంటుందో ఇదీ అంతే.

ముందుగా ఒక తికమక తీర్చుకోవాలి. మన వాడల్లో 'వీసా వచ్చింది' అంటే పని దొరికిందనే అర్థం. నిజానికి వీసా అనేది ఆ దేశంలో అడుగుపెట్టడానికి ఇచ్చే అనుమతి మాత్రమే. పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి వేరే కాగితం, దాన్ని కార్మిక శాఖ ఇస్తుంది. అక్కడ నివసించడానికి ఇచ్చే అనుమతి ఇంకొకటి, అది హోంశాఖ చేతిలో ఉంటుంది. సౌదీలో ఈ నివాస కార్డును ఇఖామా అంటారు, మనవాళ్ల నోట అది అకామా అయింది. మనిషి దిగిన 90 రోజుల్లోగా యజమాని అకామా చేయించాలి. దాని ఖర్చు, పని అనుమతి ఖర్చు, ఏటేటా కొత్తది చేయించే ఖర్చు, ఆలస్యమైతే జరిమానా, పని ముగిశాక తిరుగు టికెట్టు, ఇవన్నీ యజమానే పెట్టుకోవాలని సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణంలో ఉంది. ఈ సంగతి నేను చెబితే చిన్నాయన నమ్మలేదు. "అకామాకు నా జీతంల నుంచే పట్టుకున్నరు గదరా" అన్నాడు.

ఇక్కడే అసలు మెలిక ఉంది. ఈ అనుమతులేవీ కూలివాడు తానై అడిగి తీసుకునేవి కావు. అతని పేరు మీద యజమాని అడుగుతాడు. అరబ్బీలో కఫాలా అంటే పూచీ, కఫీల్ అంటే పూచీ ఉన్నవాడు. పరాయివాడు దేశంలో ఉన్నన్నాళ్లూ అతనికి ఒక స్థానికుడు పూచీ పడాలన్నది దీని మూలం. మాట వినడానికి బాగానే ఉంది. కానీ పూచీ పడ్డవాడే అకామా చేయించాలి, వేరే చోటికి మారతానంటే వాడే ఒప్పుకోవాలి, ఊరికి పోతానంటే వాడే ఎగ్జిట్ కొట్టించాలి. అట్లా పూచీ కాస్తా యాజమాన్యం అయిపోయింది. పనిలోంచి వెళ్లిపోయాడని కఫీల్ ఒక ఫిర్యాదు పెడితే చాలు, దాన్ని హురూబ్ అంటారు, అంతవరకూ చట్టబద్ధంగా ఉన్న మనిషి ఆ రోజు నుంచి దొంగ అయిపోతాడు. జీతం ఇవ్వని యజమాని మీద కూలివాడు పెట్టే కేసు నెలలు నడుస్తుంది. యజమాని పెట్టే హురూబ్ మాత్రం వెంటనే అంటుకుంటుంది.

చిన్నాయనకు డ్రైవరు పని అని చెప్పి పంపారు. లైసెన్సు కోసం కోదాడలో డబ్బు కూడా పెట్టాడు. అక్కడ దిగాక చేతికొచ్చిన అకామాలో వృత్తి దగ్గర గొర్రెల కాపరి అని ఉంది. అది కూడా ఆయన ఆర్నెల్లకు తెలుసుకున్నాడు, అరబ్బీ చదవగల ఒక నిజామాబాద్ ముస్లిం సోదరుడు చెబితే. అకామాలో ఏ పని రాసి ఉంటే ఆ పనే చేయాలి, ఆ కఫీల్ దగ్గరే చేయాలి. పద్నాలుగు నెలలు ఎడారిలో గొర్రెలతో ఉండి, జీతం అడిగితే కొట్టబోయారని పారిపోయాడు. ఆ తరువాత రెండేళ్లకు పైగా 'కల్లివెల్లి'గా బతికాడు. కాగితాలు లేకుండా బయట పనిచేసుకునేవాణ్ణి గల్ఫులో మనవాళ్లు పిలుచుకునే పేరు అది. ఆ రెండేళ్లలోనే నాలుగు రూకలు సంపాదించానని ఆయన ఇప్పటికీ అంటాడు. కాగితం ఉన్నప్పుడు రాని జీతం కాగితం లేనప్పుడు వచ్చింది. 2013లో సౌదీ ప్రభుత్వం నితాఖత్ పేరిట సొంత పౌరులకు ఉద్యోగాల కోటా గట్టిగా అమలు చేస్తూ, కాగితాలు లేనివాళ్లకు క్షమాభిక్ష గడువు ఇచ్చింది. మొదట జులై దాకా అన్నారు, తరువాత నవంబరు 3 దాకా పొడిగించారు. రాయబార కార్యాలయం ఇచ్చిన అవుట్‌పాస్ పట్టుకుని ఆయన అప్పుడే బయటపడ్డాడు. పాస్‌పోర్టు మొదటి కఫీల్ దగ్గరే ఉండిపోయింది.

కఫాలా అంటే వెట్టిచాకిరీయే అని మన సభల్లో ఒక్క మాటలో తేల్చేస్తుంటారు. నేనూ అట్లాగే అనేవాణ్ణి. ఆ పోలిక సగమే నిజం. మా తాత బాకీ కింద జీతం ఉన్నాడు. బాకీ తీరందే ఇంకో ఆసామి దగ్గరికి పోవడానికి లేదు, కొత్త ఆసామి పాత బాకీ కట్టి తీసుకుంటే తప్ప. కఫాలాలో విడుదల కాగితానికి డబ్బు కట్టడం అచ్చంగా ఇదే. అయితే తాత ఎంత చాకిరీ చేసినా గూడెం గూడెంగానే ఉంది. గల్ఫు డబ్బు మాత్రం ఎందరిళ్లకో స్లాబు పోసింది, ఊళ్లో ఆసామి ముందు చేయి చాచే అవసరం తప్పించింది. అరబ్బు షేకుకు మాదిగ అంటే ఏమిటో తెలియదని చిన్నాయన చాలాసార్లు చెప్పాడు. వెంటనే ఇంకో మాట కూడా అన్నాడు: "రూముల ఉండే మనోళ్లకు మాత్రం తెలుసు. వంట కాడికి రానియ్యలే." కులం పోవడానికి పాస్‌పోర్టు చాలదని ఆయనకు నాకంటే ముందే తెలుసు.

'ఆజాద్ వీసా' అనే మాట ఇప్పటికీ మన జిల్లాల్లో చలామణిలో ఉంది. ఏ దేశపు చట్టంలోనూ అట్లాంటి వీసా లేదు. ఎవరో ఒక స్థానికుడు తన పేరున వచ్చిన అనుమతిని అమ్ముకుంటాడు, కొన్నవాడు బయట ఎక్కడో పని వెతుక్కుంటాడు, అకామా కొత్తది చేయించినప్పుడల్లా ఆ కఫీల్‌కు కప్పం కడతాడు. స్వేచ్ఛ అని పేరు పెట్టి అమ్మేది చట్టం బయట బతికే బతుకును. పట్టుబడితే అమ్మినవాడికి ఏమీ కాదు, కొన్నవాడే జైలుకు పోతాడు.

ఆడవాళ్ల సంగతి ఇంకా వేరు. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైటు పోయే మన దళిత స్త్రీలు చాలావరకు ఖాదిమా వీసా మీద పోతారు. కువైటు నివాస చట్టంలో ప్రైవేటు కంపెనీ కూలీలకు 18వ అధికరణం, ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు 20వ అధికరణం వర్తిస్తాయి. మన నోట మొదటిది షూన్ వీసా, రెండోది ఖాదిమా. ఈ రెండు అంకెల తేడా పైకి చిన్నదే. ఇంటిపనివాళ్లు చాలాకాలం కార్మిక చట్టంలోనే లేరు. 2015లో 68వ నంబరు చట్టం వచ్చాక రోజుకు 12 గంటలకు మించి పని వద్దనీ, వారానికి ఒక సెలవనీ రాసుకున్నారు. 2016లో కనీస జీతం 60 దినార్లుగా పెట్టారు. చట్టం గుమ్మం దాకా వచ్చింది, కానీ తలుపు లోపల ఏం జరుగుతుందో ఏ ఇన్‌స్పెక్టరూ చూడడు.

ఈమధ్య కఫాలా రద్దయిందని వార్తలు వస్తుంటాయి. అక్కడ కొంత మారింది, నిజమే. ఖతార్‌లో 2020 నుంచి పని మారడానికి పాత యజమాని ఒప్పుకోలు అక్కర్లేదు, 2021 మార్చి నుంచి కనీస జీతం 1000 రియాళ్లు, ఇవి ఇంటిపనివాళ్లకూ వర్తిస్తాయి. సౌదీలో 2021 మార్చి 14 నుంచి అమలైన సంస్కరణ ప్రకారం ఏడాది పనిచేశాక కొన్ని షరతుల మీద యజమానిని మార్చుకోవచ్చు. కానీ ఆ సంస్కరణ వచ్చినప్పుడు ఎవరిని బయట ఉంచారో చూడండి: ఇంటి డ్రైవరు, కాపలాదారు, ఇంటిపనిమనిషి, గొర్రెల కాపరి, తోటమాలి. మా గూడెం లాంటి గూడేల నుంచి పోయేది ఏ పనులకో వేరే చెప్పాలా? ఇక కువైటు వెనక్కి నడిచింది. 2025 జులై 1 నుంచి ప్రైవేటు రంగంలోని విదేశీయులు దేశం దాటాలంటే యజమాని ఆమోదంతో ఎగ్జిట్ అనుమతి తీసుకోవాలి.

పెత్తనమంతా అరబ్బులదే అనుకుంటే పొరపాటు. మన ప్రభుత్వం కూడా మనుషుల్ని రెండు రకాలుగా చేసింది. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం పదో తరగతి పాస్ కానివాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ముద్ర ఉంటుంది. గల్ఫు దేశాలు, మలేషియా, ఇరాక్, లిబియా వంటి 18 దేశాలకు పనికి పోవాలంటే అతను ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తీసుకోవాలి. కాంట్రాక్టు చూస్తారు, బీమా కట్టించుకుంటారు, అప్పుడు పంపిస్తారు. ఉద్దేశం రక్షణే, కాదనను. అయితే ఆ ముద్ర పడేది ఎవరి మీద? బడి మానేసి పత్తి ఏరడానికి పోయినవాడి మీద. మన ఊళ్లల్లో ఈసీఆర్ పాస్‌పోర్టులు పోగేసి చూస్తే, కులాల లెక్క వేరే అడగక్కర్లేదు.

ఇంకో వైపు చూడండి. చిన్నాయన చదవలేదు, ఆయనది ఈసీఆర్. కొడుకు పదో తరగతి పాసై ఇంటర్ తప్పాడు, వాడిది ముద్ర లేని పాస్‌పోర్టు. పదో తరగతి సర్టిఫికెట్ వాణ్ణి గౌరవంలో ఒక మెట్టు ఎక్కించి, రక్షణలో ఒక మెట్టు దించింది. వాడు విజిట్ వీసా మీద పోయినా, దొంగ కాంట్రాక్టు మీద పోయినా విమానాశ్రయంలో ఎమిగ్రేషన్ అనుమతి ఏదని అడిగేవాడు లేడు. పదో తరగతి చదివినంత మాత్రాన అరబ్బీ కాంట్రాక్టు అర్థమవుతుందా? ఐక్య అరబ్ ఎమిరేట్స్ 2016లో ఉద్యోగ ప్రతిపాదన పత్రాన్ని కూలివాడి భాషలో కూడా ఇవ్వాలని నియమం పెట్టినప్పుడు, ఆ భాషల జాబితాలో తమిళం, మలయాళం, హిందీ, ఉర్దూ, బెంగాలీ చేరాయి. తెలుగు చేరలేదు. ప్రపంచ తెలుగు మహాసభలు పెట్టుకునేవాళ్లెవరికీ ఇది పట్టలేదు.

జీతాల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఏ దేశంలో ఏ పనికి ఇంతకు తక్కువ జీతానికి పంపకూడదని మన విదేశాంగ శాఖ ఒక కనీస మొత్తం పెడుతుంది. 2020 సెప్టెంబరులో, కరోనా వంకతో, గల్ఫు దేశాలకు ఈ మొత్తాన్ని తగ్గిస్తూ సర్క్యులర్ ఇచ్చారు. దాన్ని సవాలు చేస్తూ తెలంగాణ హైకోర్టులో కేసు పడింది, 2021లో వెనక్కి తీసుకున్నారు. మన కూలిని తగ్గించమని అడిగింది కఫీల్ కాదు, తగ్గించింది మన సర్కారు. 1983 చట్టం స్థానంలో కొత్తది తెస్తామంటూ 2025లో ఒక ముసాయిదా కూడా బయటపెట్టారు. కార్యకర్తలు దాన్ని చదవాలి.

ఇదంతా కొత్తదేం కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ దర్బన్ చేరినప్పటి నుంచి నాటాల్ చెరకు తోటలకు పోయినవాళ్లలో తెలుగు కూలీలున్నారు. ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, ఊరు, ఒంటి మీద మచ్చలతోపాటు కులానికి కూడా ఒక గడి. ఆ గడిలో మాల, పరయ అనే మాటలు కనిపిస్తాయి. ఐదేళ్ల ఒప్పందం, నెలకు 10 షిల్లింగులతో మొదలు. యజమాని చీటీ లేకుండా తోట దాటి పోతే అరెస్టు. ఒప్పందం తీరాక చాలామంది అక్కడే ఉండి కూరగాయలు పండించి, తెల్లవాళ్లతో పోటీకి వచ్చారు. దాంతో 1895లో నాటాల్ 17వ నంబరు చట్టం తెచ్చింది. ఒప్పందం తీరినవాడు మళ్లీ కూలికి ఒప్పుకోవాలి, లేదా ఇండియా పోవాలి, రెండూ కాదంటే ఆ దేశంలో ఉండటానికి ఏటా 3 పౌండ్లు కట్టి లైసెన్సు తీసుకోవాలి. 3 పౌండ్లంటే 60 షిల్లింగులు, తొలి ఏడాది కూలివాడి ఆరు నెలల సంపాదన. తరువాత దాన్ని 16 ఏళ్లు దాటిన కొడుకులకు, 13 ఏళ్లు దాటిన కూతుళ్లకు కూడా వర్తింపజేశారు. 1913 సమ్మెలో గనుల్లోంచి, తోటల్లోంచి వేలమంది బయటికి వచ్చింది ముఖ్యంగా ఈ పన్ను మీదనే. 1914లో రద్దు చేశారు. ఆ సమ్మెను గాంధీ జీవితంలో ఒక అధ్యాయంగా చదువుకున్నాం. నివాస అనుమతి మీద కూలీలు చేసిన పోరాటంగా మాత్రం మనకెవరూ చెప్పలేదు.

అంత దూరం ఎందుకు, మా ఊరే చూడండి. మునగాల పరగణా నిజాం రాజ్యం మధ్యలో ద్వీపంలా ఉండి కూడా కృష్ణా జిల్లా కింద, మద్రాసు రాజధానిలో ఉండేది. 1959లో గాని నల్లగొండలో కలవలేదు, 2016 నుంచి సూర్యాపేట జిల్లా. అంటే మా తాత తండ్రి కాలంలో నాలుగు మైళ్లు నడిచి పక్క ఊరికి కూలికి పోతే పరాయి రాజ్యంలో అడుగు పెట్టినట్టే. ఇటు కల్దారు రూపాయి, అటు హాలీ సిక్కా, నడుమ కరోడ్‌గిరి నాకా. 1919 ఫర్మానాతో వచ్చిన ముల్కీ నిబంధనల ప్రకారం నిజాం సర్కారులో ఉద్యోగానికి ఆ రాజ్యంలో పుట్టి ఉండాలి, లేదా 15 ఏళ్లు స్థిరంగా ఉండి, తిరిగిపోయే ఉద్దేశం లేదని ప్రమాణ పత్రం ఇవ్వాలి. ఆ లెక్కన పరగణా వాళ్లు గైర్‌ముల్కీలు. దీని గురించి చదువుకున్నవాళ్లు చాలా రాశారు, ఉద్యోగాలు వాళ్లవి గనుక. నాటుకు, కోతకు సరిహద్దు దాటే మాదిగ కూలీని ముల్కీయా కాదా అని అడిగినవాడు లేడు. కింది పనికి కాగితం అక్కర్లేదు, మీది పనికే కావాలి. గల్ఫు వచ్చాక ఇది తిరగబడింది: కింది పనికే ఎక్కువ కాగితాలు, ఎక్కువ సంకెళ్లు.

మీది పనివాళ్ల సంగతీ నాలుగు మాటల్లో. సాగర్ ఎడమ కాలువ నీళ్లు వచ్చాక కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో వరి పండి, ఆ వడ్ల డబ్బు ఇంజనీరింగు చదువై, ఆ చదువు అమెరికా అయింది. భూమి ఉన్నవాళ్లకు. హెచ్-1బి కూడా యజమాని పేరు మీద వచ్చే అనుమతే, 6 ఏళ్ల గడువుది. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము అన్నప్పుడు పత్రికలన్నీ గగ్గోలు పెట్టాయి. వాళ్ల కష్టం కష్టం కాదని అనను. వాళ్ల పాస్‌పోర్టు మాత్రం వాళ్ల జేబులోనే ఉంటుంది.

మన పిల్లలకు ఇప్పుడు మూడో దారి ఒకటి కనబడుతోంది, విద్యార్థి వీసా. ఇక్కడ అడ్డు వచ్చేది ఆస్తి. జర్మనీ పోవాలంటే ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు ముందే ఖాతాలో వేసి చూపాలని 2024లో నిర్ణయించారు. ఆస్ట్రేలియా అదే ఏడాది 29,710 డాలర్ల నిల్వ చూపమంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు తెలంగాణలో అంబేద్కర్ విదేశీ విద్యానిధి ఉంది, 20 లక్షల దాకా ఇస్తారు, మంచి పథకమే. అయితే మొదటి వాయిదా చేతికొచ్చేది ఆ దేశంలో దిగిన కాగితం చూపించాక. డబ్బు చూపిస్తే వీసా, వీసా మీద దిగితే డబ్బు. ఈ నడిమధ్య నెలల కోసం అప్పు ఎవరిస్తారు? నాకు తెలిసిన ఒక విద్యార్థి తల్లి ఇంటి స్థలం కాగితం వడ్డీ వ్యాపారి దగ్గర పెట్టింది.

ఉపాధ్యాయ మిత్రులకు, ఊళ్లల్లో పనిచేసే కార్యకర్తలకు కొన్ని పనికొచ్చే సంగతులు. కాగితం తెస్తే మొదట వీసా రకం చూడండి, తరువాత వృత్తి గడి, తరువాత పూచీదారు పేరు. ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో కేంద్రప్రభుత్వపు ఈమైగ్రేట్ జాబితాలో తెలుస్తుంది. చట్టప్రకారం అతను తీసుకోదగ్గ సేవా రుసుము 30 వేలు, దాని మీద జీఎస్టీ, రసీదు ఇవ్వాలి. ప్రవాసీ భారతీయ బీమా ఈసీఆర్ వాళ్లకు తప్పనిసరి: రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పన్ను అదనం, ప్రమాదంలో చనిపోయినా శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. ప్రభుత్వపరంగా పంపే సంస్థలు తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్. పోయేముందు పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు నకళ్లు ఇంట్లో ఆడవాళ్ల దగ్గర ఒక సెట్టు ఉండాలి. చిన్నాయన విషయంలో మా చిన్నమ్మ దగ్గర ఒక్క కాగితం లేదు, కఫీల్ పేరు కూడా తెలియదు, ఏ ఆఫీసుకు పోయినా ముందు అదే అడిగేవారు. గల్ఫులో చనిపోయినవారి కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 లక్షలు ఇస్తూ 2024లో ఉత్తర్వు ఇచ్చింది. అది అడగడానికీ ఈ నకళ్లే కావాలి.

ఫోనులో ఉన్న కాగితం సంగతి చెప్పలేదు కదూ. అది ఎమిరేట్స్‌ది, 60 రోజుల విజిట్ వీసా. అంకెలు, ముద్ర, అన్నీ అసలువే. అందుకే మోసం అనడానికి కూడా లేదు. దాని మీద పని చేయకూడదు. గడువు దాటితే రోజుకు 50 దిర్హాములు జరిమానా. అక్కడికి పోయాక పని వీసాకు మారుస్తామని ఏజెంటు నోటిమాట, కాగితంలో ఎక్కడా లేదు. అదే చెప్పాను. వాడు కాసేపు నేల చూసి, "ఇప్పటికే అరవై వేలు కట్టిన అన్నా" అన్నాడు. చిన్నాయన అప్పుడు మొదటిసారి నోరు విప్పాడు: "అరవైయే గదరా పోయింది. నాయి నాలుగేండ్లు."

మిగతా డబ్బు కట్టలేదు. కట్టిన అరవై వేలూ ఇంకా తిరిగి రాలేదు. రసీదు లేదు. వాడు ఇప్పుడు మిర్యాలగూడలో రైసుమిల్లు పనికి పోతున్నాడు, టామ్‌కామ్‌లో పేరు నమోదు చేయించుకున్నాడు.